చూసిందే రాయాలి

తప్పులు పట్టడం నా ఉద్యోగం. బట్టల ఫ్యాక్టరీలో చివరి బల్ల నాది. కుట్టి, గుండీలు వేసి, దారాలు కత్తిరించి పంపిన చొక్కా నా దగ్గరికొస్తే ట్యూబులైటు కింద పరిచి చూస్తాను. ఎక్కడైనా కుట్టు తప్పినా, కాలరు ఒక పక్కకి లాగినా, చంకలో గోరంత మరకున్నా ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపిస్తాను. పద్నాలుగేళ్ళు ఇదే పని చేస్తే మనిషి కూడా అలాగే తయారవుతుంది. నేను ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని మా ఆయన అందరికీ చెబుతుంటాడు. లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే తిరిగే మనిషి కాబట్టి ఆ మాట నవ్వుతూ అనగలుగుతాడు.

ఆ వానాకాలం నా చూపు మా తోడికోడలి మీద పడింది.

మా మరిది భార్య. మాతో ఒకే ఇంట్లో ఉంటుంది. మా ఫ్యాక్టరీలోనే కాలర్ల లైనులో కుట్టేది. మెషిను మీద ఆమె చేతులు గెంతే తీరు చూసి లైనులో ఆడవాళ్ళు పిచ్చుక అని పేరు పెట్టారు, ఇంట్లోనూ అదే ఖాయమైపోయింది. చలికాలం చివర్లో ఒకరోజు సూది ఆమె కుడి చూపుడు వేల్లో దిగింది. అలాంటివి మా దగ్గర నెలకొకటి జరుగుతాయి. కట్టు కట్టారు, ఇంజెక్షను ఇచ్చారు, రెండు వారాల్లో గాయం మానిపోయింది. మిగిలిన మచ్చ నువ్వుగింజంత. నొప్పి మాత్రం వేలు దాటి మణికట్టుకి, అక్కణ్ణుంచి మోచేతికి పాకిందని చెప్పేది. గుడ్డ తగిలినా మంటే, గాలి తగిలినా మంటే. ఎక్స్‌రే తీశారు, పెద్ద స్కాను తీశారు, నరాల పరీక్ష చేశారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. డాక్టరు కాగితాలు తిరగేసి, కాస్త ధైర్యంగా ఉండమ్మా అని చెప్పి పంపించాడు.

నాలుగు నెలలుగా పిచ్చుక ఇంట్లోనే ఉంది. ఎడమ చేత్తో అయ్యే పనులు ఆమె చేసేది, రెండు చేతులూ కావాల్సినవన్నీ నా కోసం ఎదురుచూసేవి. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా నిలబడి వచ్చి మళ్ళీ అంట్ల ముందు నిలబడేదాన్ని. నాకూ మోకాళ్ళ నొప్పులున్నాయి. మెట్లు దిగేటప్పుడు పళ్ళు బిగపట్టుకుంటాను. నేను పని మానేశానా? ఎవరితోనైనా చెప్పుకున్నానా? ఆ కోపం నాలో ఉందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. అప్పుడు మాత్రం దానికి న్యాయం అని పేరు పెట్టుకున్నాను.

వానలు మొదలైన వారంలో మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కదా, ఆవిడకి నిజంగా అంత నొప్పి ఉందా అని అడిగాడు. నోరు జారి అన్నానంటే అబద్ధం అవుతుంది. కాసేపు ఆలోచించుకునే చెప్పాను.

"చూస్తే బాగానే ఉంటుంది సార్."

ఆయన తలూపి ఏదో రాసుకున్నాడు. మర్నాడు పిచ్చుకకి కాగితం వచ్చింది. వానలు తగ్గి కొత్త ఆర్డరు మొదలయ్యేలోగా, ఆమెకున్న జబ్బేమిటో, ఏ పని చెయ్యగలదో తెలిసినవాళ్ళెవరైనా రాసి సంతకం పెట్టివ్వాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు. స్కానులు శుభ్రంగా ఉంటే ఏ డాక్టరు రాసిస్తాడు? పెళ్ళికి ముందు నుంచీ ఆమె ఆ మెషిను మీదే బతికింది. ఆ కాగితాన్ని ఎడమ చేత్తో మడతపెట్టి దిండు కింద పెట్టుకుంది. నేను ఏమీ ఎరగనట్టు కూరగాయలు తరుక్కున్నాను.

ఆస్పత్రి గోడ మీద అంటించిన కాగితం చూసి మా మరిది ఒక సంఘం కబురు మోసుకొచ్చాడు. ఏళ్ళ తరబడి తగ్గని నొప్పులతో బతికేవాళ్ళ కోసమట. విరాళాలు పోగుచేసి, నొప్పి మీద పరిశోధన చేసే డాక్టర్లకి ఇస్తారట. నొప్పి ఉన్నవాళ్ళకి ఊరికే సాయం చేస్తారట. అవసరమైతే పనిచేసే చోటికి ఉత్తరం కూడా రాస్తారట. 'అట'లు ఎక్కువైన కొద్దీ నాకు అనుమానం పెరుగుతుంది. ఊరికే ఇచ్చేవాడు ఏదో ఒకటి పట్టుకుపోకుండా వెళ్ళడు. మందులు అంటగట్టేవాళ్ళో, రక్తం తీసి ఎక్కడికో పంపేవాళ్ళో, తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకునేవాళ్ళో ఎవరికి తెలుసు? పైగా ఆదివారం కూడా తెరిచే ఉంటుందట. ఏ పుట్టలో ఏ పాముందో చూద్దామని నేనూ వాళ్ళతో బయల్దేరాను.

తాళాలు బాగుచేసే దుకాణం పక్క సందులో రెండు గదులు. బయట గదిలో పదిమందికి పైగా ఉన్నారు, కుర్చీలు సగం ఖాళీ. ఒకాయన గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఒక పెద్దావిడ చాప మీద వెల్లకిలా పడుకుని పత్రిక చదువుకుంటోంది. ఇంకొకామె కిటికీకీ తలుపుకీ మధ్య ఆగకుండా నడుస్తోంది. ఎవరూ ఎవరినీ వింతగా చూడటం లేదు. నాటకాల కంపెనీలోకి వచ్చి పడ్డామా అనుకున్నాను. ఒక మూల గోడ మీద 'ఇక్కడ ఫ్యాను వెయ్యకండి' అని రాసి ఉంది. పిచ్చుక ఎవరినీ అడగకుండా నేరుగా ఆ మూలకి వెళ్ళి నిలబడింది.

సంఘం నడిపే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మనసులో ఆవిడకి నొప్పులావిడ అని పేరు పెట్టేసుకున్నాను. నేను ఎదురుచూసిన సంతకాలు అడగలేదు, సీసాలు చూపించలేదు. పిచ్చుక చెప్పేదంతా మధ్యలో అడ్డు రాకుండా వింది. అలా వినేవాళ్ళని నేను అసలే నమ్మను. గంటసేపు మాట్లాడినా ఆవిడ ఒక్కసారీ కూర్చోలేదు. మమ్మల్ని తొందరగా సాగనంపాలని చూస్తోందనుకున్నాను.

చివరికి రెండు పుస్తకాలు తీసింది. ఒకటి పచ్చ అట్టది, ఇంకొకటి తెల్ల అట్టది. పరిశోధన చేసే డాక్టరు వేరే ఊళ్ళో ఉంటాడు, ఈ పుస్తకాలు అక్కడికి వెళ్తాయి. పచ్చది నొప్పి ఉన్న మనిషికి. రోజుకి మూడుసార్లు, నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో అంకె వెయ్యాలి. పక్క గడిలో, నొప్పి పెరిగినప్పుడు ఏం జరుగుతోందో రాయాలి. తెల్లది ఇంట్లో ఉండే ఇంకొకరికి. పది వారాలు. ఒకరిది ఒకరు చూడకూడదు. ఆఖరి రోజున ఇద్దరికీ ఇష్టమైతే మార్చుకుని చదువుకోవచ్చు. ఇంట్లో మిమ్మల్ని ఎక్కువగా చూసేదెవరని ఆవిడ అడిగింది. మరిది చెయ్యి చాచేలోపే పిచ్చుక జవాబు చెప్పేసింది.

"అక్క" అంది, నా వైపు తిరగకుండానే.

నొప్పులావిడ తెల్ల పుస్తకం నా చేతిలో పెట్టింది. "మీకేమనిపించిందో వద్దండీ. చూసిందే రాయండి. టైము వేసి రాయండి. ఏది ముఖ్యమో ఏది కాదో మీరు తేల్చొద్దు."

ఆ మాటకి నేను నా అర్థం చెప్పుకున్నాను. ఫ్యాక్టరీలో కుట్టేవాళ్ళు వేరు, చెకింగువాళ్ళు వేరు. కుట్టినవాళ్ళ మాట ఎవరూ నమ్మరు కాబట్టే నా బల్ల ఉంది. ఇక్కడా అంతే అనుకున్నాను. పచ్చ పుస్తకంలో మనిషి చెప్పుకున్నది, తెల్ల పుస్తకంలో పక్కవాళ్ళు పట్టుకున్నది. రెండూ పోల్చి చూసి దొంగనొప్పుల వాళ్ళని ఏరేస్తారన్నమాట. ఆ సంఘం మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

ఇక చూడండి నా డ్యూటీ. ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే గడియారం చూసి మొదలుపెట్టేదాన్ని. వానలకి బట్టలారక ముందు గదిలో తాళ్ళు కట్టాం, వేలాడే చీరల మధ్య నుంచి వంటింట్లోకి సూటిగా కనిపించేది. 'మూడూ పది. ఎడమ చేత్తో బిందె ఎత్తింది. నన్ను చూసి దించేసింది.' 'మూడూ నలభై. వాళ్ళమ్మతో ఫోనులో ఇరవై నిమిషాలు నవ్వుతూ మాట్లాడింది. పెట్టేశాక గోడవైపు తిరిగి పదకొండు నిమిషాలు పడుకుంది.' నవ్వింది అన్న మాట కింద గీత గీశాను. 'అయిదు. వాన పడుతుంటే కిటికీలోంచి కుడి చెయ్యి బయట పెట్టింది, మళ్ళీ చటుక్కున లాక్కుంది.' చిన్నపిల్లల ఆటలు అని కూడా రాసి, అనిపించింది రాయొద్దన్నారు కదా అని కొట్టేశాను. 'జాకెట్టు ఎడమ చెయ్యి మణికట్టు దాకా దింపి ఉంది, కుడి చెయ్యి భుజం దాకా మడిచి ఉంది. రోజూ ఇంతే.' 'నేను గదిలోకి వెళ్ళేసరికి ఫ్యాను ఆగి ఉంది. చెమటలు కారుతున్నాయి. ఎందుకు ఆపావంటే చలిగా ఉందంది.' ఇదొక అబద్ధం అని సంబరపడ్డాను.

రెండో వారంలో ఒక సాయంత్రం టీ గ్లాసు అందిస్తున్నట్టు చెయ్యి తాకించి చూశాను. కుడి చెయ్యి ఎర్రగా, వేడిగా ఉంది. ఎడమ చెయ్యి మామూలుగా ఉంది. అలాగే రాశాను. వేడినీళ్ళలో పెట్టుకుని వచ్చిందేమోనని వంటింట్లో గిన్నెలన్నీ తడిమాను, ఒక్కటీ వెచ్చగా లేదు. ఎలా చేసిందో తెలియక ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

గోళ్ళ సంగతి ఇంకా విచిత్రం. ఒక ఆదివారం మా మరిది ఆమెకి రెండు చేతుల గోళ్ళూ కత్తిరించాడు. ఎడమ చెయ్యి రెండు నిమిషాల్లో అయిపోయింది. కుడి చేతికి గంట పట్టింది, ఒక్కో గోరుకీ చెయ్యి లాక్కుని మళ్ళీ ఇచ్చింది. ఆ గంటా నేను గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చున్నాను. పై ఆదివారానికి కుడి చేతి గోళ్ళు బాగా పెరిగాయి, ఎడమవి ఉన్నంతే ఉన్నాయి. దొంగచాటుగా ఎడమవి మళ్ళీ కత్తిరిస్తున్నారేమోనని చెత్తబుట్ట కూడా వెతికాను. మూడు వారాలు వరసగా రాసుకున్నాను. కోడిగుడ్డుకి ఈకలు పీకడమంటే ఇదేనని ఎవరైనా అంటే, ఈక దొరికింది కదా అనేదాన్ని.

మా ఆయన ఫోను చేసినప్పుడు ఇదంతా చెబితే, ఆ పుస్తకం తన మీద పెట్టనందుకు దండం పెడతానన్నాడు. మరిది మాత్రం నవ్వలేదు. చీరల వెనక గడియారం పట్టుకుని నిలబడ్డ నన్ను ఒకరోజు చూశాడు.

"వదినా, అది నీకేం అన్యాయం చేసింది?"

రాయమన్నారు, రాస్తున్నాను అన్నాను. గొంతు తగ్గించకుండానే అన్నాను. లోపల పిచ్చుక గిన్నె చప్పుడు ఆగిపోయింది.

అయిదో వారంలో నాకు గట్టి సాక్ష్యం దొరికిందనుకున్నాను. డ్యూటీ నుంచి వచ్చేసరికి ముందు గది తాళ్ళ మీద పన్నెండు బట్టలు పిండి ఆరేసి ఉన్నాయి, దుప్పటితో సహా. ఎవరు చేశారంటే, "నేనే అక్కా, ఇవాళ బాగుంది" అంది నవ్వుతూ. దుప్పటి పిండగలిగిన చెయ్యి కాలరు కుట్టలేదా? పుస్తకంలో ఆ రోజు పేజీ నిండా రాశాను. నవ్విందని కూడా రాశాను.

ఏడో వారంలో ఒకరోజు ఫ్యాక్టరీలో జనరేటరు చెడిపోయి పదకొండింటికే మమ్మల్ని పంపించేశారు. బయట వాన హోరుగా ఉంది. ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది, తోసుకుని లోపలికి వెళ్ళాను. స్నానాల గది తలుపు తెరిచే ఉంది. పిచ్చుక తడి నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒంటికి తగలకుండా బోర్లించిన బకెట్టు మీద పెట్టుకుంది. తువాలు మడిచి పళ్ళ మధ్య పెట్టుకుంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. కాలివేళ్ళు నేలని గట్టిగా నొక్కుతున్నాయి. గొంతులోంచి చిన్న శబ్దం కూడా రావడం లేదు. అలవాటు కొద్దీ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు అలాగే ఉంది, నేనూ అలాగే ఉన్నాను.

తర్వాత వెనకడుగు వేసి బయటికి వచ్చేశాను. గేటు దాకా వానలో వెళ్ళి, గేటు గట్టిగా తీసి, దగ్గి, చెప్పులు చప్పుడయ్యేలా విప్పి మళ్ళీ లోపలికి వచ్చాను. పిచ్చుక అప్పటికే పొయ్యి దగ్గర ఉంది.

"అప్పుడే వచ్చేశావా అక్కా? టీ పెట్టనా?" అంది. నవ్వుతోంది. కింది పెదవి మీద తువాలు నూలుపోగు ఒకటి అంటుకుని ఉంది.

ఆమె పెట్టిన టీ తాగాను. సాయంత్రం పుస్తకం తెరిచి తారీఖు వేశాను, టైము వేశాను. ఇంకేమీ రాయలేదు. అది రాస్తే అంతకుముందు నింపిన పేజీలన్నీ ఏమైపోవాలి? తలుపు చప్పుడు విని కావాలనే అలా కూర్చుని ఉంటుందని నమ్మడానికి రెండు రోజులు ప్రయత్నించాను. ఆ వాన హోరులో నా అడుగు నాకే వినపడలేదు. మూడో రోజు నుంచి మామూలుగా రాయడం మొదలుపెట్టాను గానీ, ఎక్కడా గీతలు గీయలేదు.

పది వారాలూ అయ్యాక పుస్తకాలు ఇచ్చి వచ్చాం. మరో వారానికి, వానలు తగ్గుముఖం పట్టాక, మళ్ళీ రమ్మని కబురొచ్చింది. అప్పటికి ఫ్యాక్టరీ ఇచ్చిన గడువు ఆరు రోజులే ఉంది. మరిది బయట గదిలో ఉండిపోయాడు. లోపల గదిలో మేం ముగ్గురమే. నొప్పులావిడ ఎప్పటిలాగే నిలబడి ఉంటే, మీరూ కూర్చోండి అన్నాను.

"కూర్చోగలిగితే ఈ సంఘం ఎందుకు పెడతానమ్మా? పదకొండేళ్ళయింది ఈ నడుము నన్ను కూర్చోనిచ్చి" అంది మామూలుగా, తెల్ల పుస్తకం తెరుస్తూ.

డాక్టరు నా పుస్తకం మూడుసార్లు చదివాడట. దొంగని పట్టిచ్చాననుకుని వచ్చిన మనిషిని కదా, ఆ మాటకి నడుం నిటారుగా పెట్టుకున్నాను. ఆవిడ ఒక్కొక్కటీ చదువుతూ పోయింది. ఎర్రగా, వేడిగా ఉన్న చెయ్యి. భుజం దాకా మడిచిన జాకెట్టు. చెమటలు కారుతున్నా ఆపేసిన ఫ్యాను. వానలో పెట్టి లాక్కున్న చెయ్యి. మూడు ఆదివారాల గోళ్ళు. ఇవన్నీ కలిస్తే దానికో పొడుగాటి పేరుందట. చిన్న దెబ్బ మానిపోయాక కూడా నరాలు మంట ఆపడం మర్చిపోతాయట. స్కానులో కనపడదు, డాక్టరు ముందు కూర్చున్న పది నిమిషాల్లోనూ సరిగ్గా కనపడకపోవచ్చు. ఈ పుస్తకం చూశాకే డాక్టరు పిచ్చుకని పిలిపించుకుని పరీక్ష చేశాడనీ, ఉత్తరం తయారైందనీ చెప్పింది. పోయిన బుధవారం మరిదీ ఆమే ఊరెళ్ళింది అందుకేనన్నమాట. నాకెవరూ చెప్పలేదు.

"ఏడుపు నటించొచ్చు, నవ్వు నటించొచ్చు. గోళ్ళు నటించలేవు కదండీ" అంది నొప్పులావిడ. "ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు మాకు ఇంతవరకూ దొరకలేదు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. శ్రద్ధ అంటోంది ఆవిడ. పక్కన పిచ్చుక తలెత్తలేదు.

ఆవిడ పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. తారీఖు ఉంది, టైము ఉంది, కింద ఖాళీగా ఉందేమిటని అడిగింది. డ్యూటీలో ఉన్నానని చెబితే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చూశాను. రాయలేదు" అన్నాను.

ఆవిడ ఇంకేమీ అడక్కుండా పెన్ను ఇచ్చింది. అక్కడే కూర్చుని రాశాను. తువాలు, బకెట్టు, కాలివేళ్ళు, నాలుగు నిమిషాలు, గేటు దాకా వెళ్ళి మళ్ళీ రావడం, పెదవి మీది నూలుపోగు, అన్నీ రాశాను. ఇష్టమైతే పుస్తకాలు మార్చుకోవచ్చు, లేకపోతే లేదని ఆవిడ అంది. వద్దంటుందేమోనని ఆశపడ్డాను. పిచ్చుక ఎడమ చేత్తో పచ్చ పుస్తకం నా వైపు జరిపింది.

ఎడమ చేతి రాత, అక్షరాలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. మొదటి రోజు, మధ్యాహ్నం నొప్పి ఎనిమిది. పక్క గడిలో: 'నేను బాగానే ఉన్నానని అక్క మేనేజరుతో చెప్పిందట.' అంటే మొదటి రోజు నుంచీ ఆమెకి తెలుసు. తెలిసీ నాకు టీ పెట్టింది. తెలిసీ ఆ తెల్ల పుస్తకం నాకే ఇప్పించింది. ఎందుకని నేను ఇప్పటికీ అడగలేదు.

పేజీ తిప్పాను. సాయంత్రం తొమ్మిది, 'అక్క చూస్తోంది.' మర్నాడు ఎనిమిది, 'అక్క చూస్తోంది.' ఆ రెండు మాటలు మళ్ళీ మళ్ళీ వచ్చాయి, కొన్నిచోట్ల మొత్తం రాసే ఓపిక లేక 'అక్క' అని వదిలేసింది. దుప్పటి పిండిన రోజున పది వేసి ఉంది. 'ఒక్కరోజైనా అక్క ఏమీ అనుకోకుండా ఉంటుందని ఉతికాను.' జనరేటరు చెడిపోయిన రోజు కోసం వెతికాను. పొద్దున నొప్పి అంకె తొమ్మిది. పక్కన: 'ఇంట్లో ఎవరూ లేరు. కాసేపు హాయిగా ఉంది.'

నేను తలెత్తేసరికి పిచ్చుక కూడా తెల్ల పుస్తకంలో అదే రోజు దగ్గర ఉంది. నేనప్పుడే రాసిన సిరా ఇంకా ఆరలేదు. రెండుసార్లు చదివింది.

"ఆ రోజు ఎవరూ లేరనుకున్నాను" అంది.

తప్పైపోయిందనో ఏదో గొణిగాను. ఆమె పుస్తకం మూసింది.

"నటించానక్కా. నువ్వనుకున్నది నిజమే. నువ్వున్నప్పుడల్లా బాగున్నట్టు నటించాను. ఉత్తరం నీ వల్లే వచ్చింది, కాదనను. అది వేరు, ఇది వేరు."

ఇంత కోపంలోనూ గొంతు పెంచలేదు. తిడితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకున్నాను.

గడువుకి మూడు రోజుల ముందు ఉత్తరం మేనేజరు బల్ల మీదికి చేరింది. ఆయన దాన్ని రెండువైపులా తిప్పి చూసి, సంఘానికి ఫోను చేసి, డాక్టరుతో మాట్లాడి మరీ నమ్మాడు. పేరు కొట్టెయ్యలేదు. మెషిను మీద కుట్టడం కుదరదు కాబట్టి, వైద్యం నడిచినన్నాళ్ళు సగం పూట చెకింగులో ఎడమ చేత్తో పని చెయ్యమన్నాడు. చెకింగంటే నా బల్లే. నాకెలాగూ మనిషి కావాలి కదా అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు.

ఇంట్లో ఆ మూడు రోజులూ నేను మంచిగా ఉండటానికి ప్రయత్నించాను. నాకు అలవాటు లేని పని కాబట్టి సరిగ్గా రాలేదు. ఆమె గదిలోకి రాగానే లేచి ఫ్యాను ఆపాను. ఎందుకు ఆపావు, మళ్ళీ పుస్తకమేమైనా ఇచ్చారా అని అడిగింది. ఆమె వంతు అంట్లు నేను తోమితే, తోమిన గిన్నెలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. వంటింట్లో ఆమె ఉంటే నేను చీరల అవతలే ఉండిపోయాను. అలా కనపడకుండా ఉంటే దాక్కుని చూస్తున్నాననుకుందో ఏమో, రెండుసార్లు చీర పక్కకి తీసి చూసి వెళ్ళింది. నాకు కోపం రాలేదు. ఆ కోపం మాత్రం ఏం మొహం పెట్టుకుని వస్తుంది?

కొత్త ఆర్డరు మొదలైన రోజు నేను అరగంట ముందే వెళ్ళాను. సూపర్‌వైజరు పిచ్చుక కుర్చీని బల్లకి అవతల, నాకు ఎదురుగా వేయించి ఉంచాడు. చెకింగులో ఇద్దరుంటే అలాగే వేస్తారు, మధ్యలో బట్ట పరుచుకోవడానికి వీలుగా ఉంటుంది. ఎదురుగా వద్దు, నా పక్కన వేయించండి అన్నాను. ఇరుకవుతుందన్నాడు. అయితే అవనీ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కుర్చీ తిప్పించి, మనిషిని పిలిచి బల్ల ముందుకి జరిపించాడు.

పిచ్చుక తొమ్మిదింటికి వచ్చింది. కుడి చెయ్యి జాకెట్టు భుజం దాకా మడిచి ఉంది. లైనులో ఆడవాళ్ళు పలకరిస్తే నవ్వుతూ జవాబు చెప్పుకుంటూ వచ్చి, కుర్చీ దగ్గర ఆగింది.

"ఇటెందుకు వేయించావు?"

"వెలుతురు ఇటే బాగుంటుంది" అన్నాను, చేతిలో ఉన్న చొక్కా మీంచి కళ్ళెత్తకుండా.

ఆమె ట్యూబులైటు వైపు చూసింది. అది బల్లకి సరిగ్గా నడిమధ్యన వేలాడుతోంది. తర్వాత నా వైపు చూసిందనుకుంటాను. నేను కాలరు కుట్టు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. కుర్చీని నాకు బెత్తెడు దూరం జరుపుకుని కూర్చుంది. ఎడమ చేత్తో మొదటి చొక్కా అందుకుంది.